వెనుక యాక్సిల్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ బిగించడం: పెన్నా ఇసుకలో, నల్లరేగడిలో తిరిగే బండ్లకు

చీనీ కాయల లోడుతో తోటలోంచి వస్తున్న పికప్ వంక దాటుతుంటే ఎడమ వెనుక చక్రం ఇసుకలో గిరగిరా తిరుగుతూ ఉంటుంది, గట్టి నేల మీదున్న కుడి చక్రం మాత్రం కదలదు. అనంతపురం, కడప పల్లెల్లో బండి నడిపేవాళ్లందరికీ తెలిసిన బాధే ఇది. ఇందులో ఇంజను తప్పేమీ లేదు. వెనుక యాక్సిల్ మధ్యలో ఉండి చక్రాలకు ఇంజను బలం పంచే గేర్ల ఏర్పాటే డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన బలమే పంచుతుంది. ఇసుకలో ఉన్న చక్రం 100 న్యూటన్ మీటర్లకే జారిపోతుంటే, గట్టి నేల మీదున్న చక్రానికీ అంతే అందుతుంది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఎల్‌ఎస్‌డీ, ఈ సమానత్వాన్ని చెడగొట్టి పట్టు ఉన్న చక్రానికి ఎక్కువ బలం పంపుతుంది.

కొనేముందు రకం తేల్చుకోవాలి, ఎందుకంటే తప్పు రకం కొంటే బిగింపు ఎంత బాగా చేసినా ఫలితం ఉండదు. హెలికల్ గేర్ల రకం జారే చక్రం మోస్తున్న బలాన్ని కొన్ని రెట్లు చేసి రెండో చక్రానికి ఇస్తుంది. రెండున్నర రెట్ల యూనిట్ అయితే పైన చెప్పిన 100కు బదులు 250 అందుతుంది. తారు రోడ్డు మీద దీనికి మించింది లేదు, అరిగే ప్లేట్లూ ఉండవు. కానీ చక్రం గాలిలోకి లేస్తే సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నానే. గట్ల మీద, వంకల్లో అడ్డంగా దిగే బండికి ఇది చాలదు. క్లచ్ ప్లేట్ల రకంలో స్ప్రింగులు ప్లేట్లను ఎప్పుడూ కొంత నొక్కి ఉంచుతాయి కాబట్టి ఒక చక్రం లేచినా రెండోదానికి కొంత బలం అందుతూనే ఉంటుంది. మూడోది లాకర్. ఈటన్ మెకానికల్ లాకర్ లాంటివి రెండు చక్రాల వేగంలో నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా రాగానే పూర్తిగా లాక్ అవుతాయి, బండి వేగం అందుకుంటే లాక్ కావు. మహీంద్రా థార్‌లోని కొన్ని మోడళ్లకు కంపెనీయే ఇలాంటిది ఇచ్చింది కాబట్టి అలాంటి బండికి ఇంకేమీ అక్కర్లేదు. పాత జీపుకు, లోడు తిప్పే పికప్‌కు మా సలహా క్లచ్ ప్లేట్ల రకం. కింద చెప్పే పని దాని గురించే.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. కర్నూలు, ఆదోని వైపు నల్లరేగడి తడిసి టైర్ల గాళ్లన్నీ బంకమట్టితో పూడిపోతే రెండు చక్రాలకూ పట్టు ఉండదు, అప్పుడు ఎల్‌ఎస్‌డీ చేసేదేమీ లేదు. ఇక వానలో గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు ఖాళీ పికప్‌కు మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే మామూలు డిఫరెన్షియల్ అయితే లోపలి చక్రం ఒక్కటే జారుతుంది, ఎల్‌ఎస్‌డీ ఉంటే రెండూ కలిసి జారి బండి తోక పక్కకు పోతుంది. ఈ సంగతి ఓనరుకే కాదు, స్టీరింగ్ పట్టే ప్రతి డ్రైవరుకూ చెప్పాలి.

యాక్సిల్‌ను గుర్తుపట్టడం

బండి పేరు చెప్పి ఎల్‌ఎస్‌డీ కొనొద్దు, యాక్సిల్‌ను కొలిచి కొనండి. వెనుక మూత విప్పితే క్రౌన్, అంటే పెద్ద పళ్ల చక్రం, కనబడే రకం సాలిస్‌బరీ యాక్సిల్. ముందు వైపు నుంచి గుమ్మడికాయలా మొత్తం గేర్ల భాగం ఊడి వచ్చే రకం బాంజో యాక్సిల్, టొయోటా క్వాలిస్, మారుతీ జిప్సీల్లో ఉండేది. విల్లీస్ సీజే-3బీ నమూనా మీద వచ్చిన పాత జీపుల వెనుక ఉండే డానా 44 సాలిస్‌బరీ రకానికి మంచి ఉదాహరణ. ఇక్కడ ఇచ్చే కొలతలు దానివే. మీ యాక్సిల్ వేరైతే దాని మాన్యువల్ అంకెలు తీసుకోండి, పద్ధతి మాత్రం మారదు.

కొలవాల్సినవి మూడు: క్రౌన్ వ్యాసం, యాక్సిల్ షాఫ్ట్ చివరి స్ప్లైన్ల (నిలువు గాళ్ల) సంఖ్య, క్రౌన్‌కూ దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కూ ఉన్న పళ్ల లెక్క. డానా 44లో కాలాన్ని బట్టి 10, 19, 30 స్ప్లైన్ల షాఫ్టులు వచ్చాయి. షాఫ్ట్ బయటికి తీసి వేలితో లెక్కపెట్టాకే ఆర్డర్ ఇవ్వండి. పళ్ల లెక్క ఎందుకంటే, పినియన్ సైజును బట్టి క్రౌన్ కూర్చునే అంచు ముందుకో వెనక్కో ఉంటుంది. డానా 44కు 3.73, అంతకు తక్కువ నిష్పత్తులకు ఒక కేజ్ (క్రౌన్‌ను మోసే డిఫరెన్షియల్ గూడు), 3.92, అంతకు ఎక్కువ నిష్పత్తులకు ఇంకో కేజ్. పాత జీపులో క్రౌన్ 43, పినియన్ 8 పళ్లు ఉంటే నిష్పత్తి 5.38, అంటే రెండో రకం. ఇది తప్పితే క్రౌన్ పినియన్‌ను అందుకోనే అందుకోదు, ఎన్ని షిమ్ములు (సందు సర్దే పలుచని లోహపు రింగులు) వేసినా లాభం ఉండదు.

పాత జీపుల్లో ఇంకో చిక్కు. హబ్ దగ్గర కోన్ ఆకారంలో ఉండే షాఫ్టులు రెండూ లోపల ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మధ్యలో ఒక థ్రస్ట్ బ్లాక్‌కు ఆనుకుని ఉంటాయి. కొత్త ఎల్‌ఎస్‌డీలో ఆ బ్లాక్ ఉండే ఏర్పాటు ఉందో లేదో కొనేచోటే అడగాలి. లేకపోతే షాఫ్టులు లోపలికి జరిగి చక్రాల బేరింగుల సెట్టింగ్ మొత్తం పోతుంది.

సిద్ధం చేసుకోవాల్సినవి

ఎల్‌ఎస్‌డీ యూనిట్, కేజ్‌కు కొత్త బేరింగులు రెండు, పలుచని నుంచి మందం వరకు షిమ్ముల సెట్టు, కొత్త క్రౌన్ బోల్టులు, రెండు యాక్సిల్ ఆయిల్ సీళ్లు, మూతకు గ్యాస్కెట్ లేదా ఆయిల్‌కు తట్టుకునే సిలికాన్, బోల్టులు వదులు కాకుండా పట్టే ఎర్ర రంగు జిగురు (థ్రెడ్ లాకర్), గేర్లకు పూసే మార్కింగ్ పేస్టు. గేర్ ఆయిల్ జీఎల్-5 రకం 3 లీటర్లు తెచ్చిపెట్టుకోండి, నింపగా మిగిలింది ప్లేట్లు నానబెట్టడానికి పనికొస్తుంది. క్లచ్ రకానికి ప్లేట్ల రాపిడిని సర్దే ఫ్రిక్షన్ మాడిఫయర్ 120 మిల్లీలీటర్లు కావాలి. ఆయిల్ డబ్బా మీదే లిమిటెడ్ స్లిప్‌కు అని రాసి ఉంటే అది విడిగా అక్కర్లేదు.

పనిముట్లలో రాజీ పడకూడనివి రెండు: 0.01 మి.మీ. చదివే డయల్ గేజ్ దాని అయస్కాంతపు స్టాండుతో, బిగింపు ఎంతో చూపే టార్క్ రెంచ్. క్రౌన్‌ను చేత్తో ఆడించి ప్లే (క్రౌన్, పినియన్ పళ్ల మధ్య సందు) చెప్పే అలవాటు మన షెడ్లలో చాలామందికి ఉంది. 0.15 మి.మీ.కి, 0.30 మి.మీ.కి తేడా చేతికి తెలియదు, కానీ ఆరు నెలలు తిరిగిన క్రౌన్‌కు తెలుస్తుంది. బేరింగ్ పుల్లర్, ప్రెస్ లేకపోతే ఆ ఒక్క పని లేత్ షాపులో చేయించుకోవచ్చు.

విప్పడం

ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. వెనుక జాకీతో లేపి, స్టాండ్లు యాక్సిల్ గొట్టాల కింద పెట్టండి. జాకీ మీద నిలబెట్టి కింద దూరొద్దు. మన ప్రాంతంలో చాలా షెడ్లకు నాపరాళ్లు పరిచి ఉంటాయి. కింద మట్టి కుంగి బోలుగా ఉన్న బండ స్టాండు కాలు కింద పగులుతుంది, నూనె పడితే జారుతుంది కూడా. స్టాండ్ల కింద రెండంగుళాల మందం చెక్క వేయండి.

ఆయిల్ శుభ్రమైన తట్టలోకి దించి వెలుగులో చూడండి. అయస్కాంతానికి మెత్తటి బూడిద లాంటి పొడి పట్టి ఉంటే మామూలే. పెచ్చులు, పళ్ల ముక్కలు కనిపిస్తే క్రౌన్ పినియన్ పరిస్థితి చూడకుండా ముందుకు పోవద్దు. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే వంకల్లో నీళ్లు పోయాయన్నమాట, బేరింగులన్నీ అనుమానించాలి.

విప్పకముందు చేయాల్సిన అసలు పని ఇప్పుడుంది. మూత తీసి, పళ్లు తుడిచి, పాత ప్లే నాలుగు చోట్ల కొలిచి రాసుకోండి. మార్కింగ్ పేస్టు పూసి తిప్పి, పాత ముద్ర ఎక్కడ పడుతోందో ఫొటో తీసుకోండి. వాడిన క్రౌన్ పినియన్ ఒకదానికొకటి అరిగి సర్దుకుని ఉంటాయి కాబట్టి మళ్లీ అదే చోటుకు చేర్చడమే లక్ష్యం. ఈ రికార్డు లేకుండా విప్పితే తర్వాత చీకట్లో వెతుక్కోవడమే.

హబ్బులు, బ్రేక్ పైపులు, షాఫ్టులు తీయండి. కోన్ హబ్బులకు పుల్లర్ వాడాలి, సుత్తితో షాఫ్ట్ చివర కొడితే ఆ దెబ్బ నేరుగా థ్రస్ట్ బ్లాక్‌కు తగులుతుంది. బ్యాకింగ్ ప్లేటు వెనుక షిమ్ములు ఏ పక్కవి ఆ పక్కకే కట్టిపెట్టండి. బేరింగ్ క్యాపులకు పంచ్‌తో ఎడమకు ఒక చుక్క, కుడికి రెండు చుక్కలు కొట్టండి. హౌసింగ్‌తో కలిపి బోరు కొట్టినవి కాబట్టి అటువి ఇటు మార్చినా, తలకిందులు చేసినా బేరింగ్ వంకరగా కూర్చుంటుంది.

కేజ్ గట్టిగా బిగిసి ఉంటుంది. హౌసింగ్‌ను, అంటే యాక్సిల్ మధ్య గూడును, చాపే పనిముట్టు స్ప్రెడర్ వాడితే 0.5 మి.మీ. దాటి చాపకూడదు. డయల్ గేజ్ పెట్టి చూస్తూ చాపండి. దాటితే హౌసింగ్ తిరిగి రాదు, అది పోయినట్టే. బయటికి వచ్చాక బేరింగులు పీకి వాటి కింది షిమ్ములు ఎడమవి ఎడమ, కుడివి కుడి అని తీగతో కట్టి చీటీ పెట్టండి, మొత్తం మందం మైక్రోమీటర్‌తో రాసుకోండి. పినియన్ బేరింగ్ గరగర లేకుండా, ఆడకుండా ఉంటే పినియన్‌ను ముట్టుకోవద్దు. దాని లోతు కదలకపోతే మీకు సగం పని తప్పినట్టే.

క్రౌన్ మార్చడం

కొత్త యూనిట్‌లో ప్లేట్లు పొడిగా ఉంటే ముందురోజు రాత్రే విప్పి, వరుస ఫొటో తీసి, వేయబోయే ఆయిల్‌లోనే నానబెట్టండి. ఎంత తొందరున్నా అరగంటకు తక్కువ కాకూడదు. పొడి ప్లేట్లు మొదటి పది మలుపుల్లోనే మాడతాయి.

క్రౌన్ కూర్చునే అంచు మీద ఆయిల్‌స్టోన్ తిప్పి బుడిపెలు తీయండి. కనీ కనిపించని ఒక్క బుడిపె ఉన్నా క్రౌన్ ఊగుతుంది. క్రౌన్‌ను మరిగే నీళ్లలో కాసేపు ఉంచి, బయటికి తీసి వెంటనే తుడిచి కూర్చోబెడితే తేలికగా దిగుతుంది. గ్యాస్ మంట పెట్టొద్దు, పళ్ల గట్టిదనం పోతుంది. బోల్టులు బిగిస్తూ క్రౌన్‌ను లాక్కోవద్దు, ఒక పక్క ముందు దిగి వంకరగా ఇరుక్కుంటుంది.

బోల్టుల, రంధ్రాల నూనె పెట్రోలుతో కడిగి ఆరబెట్టండి, లేకపోతే థ్రెడ్ లాకర్ పట్టదు. పాత బోల్టుల తల మీద ఎడమ మర గుర్తు ఉందేమో చూడండి, కొన్ని యాక్సిళ్లకు ఉంటుంది. ఎదురెదురుగా మూడు విడతల్లో బిగించండి. డానా 44కు 61 నుంచి 88 న్యూటన్ మీటర్లు. బోల్టు రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోతే టార్క్ రెంచ్ టిక్ అంటుంది కానీ క్రౌన్ వదులుగానే ఉంటుంది. అందుకే కొత్త బోల్టు పొడవు పాతదాని పక్కన పెట్టి చూడాలి.

షిమ్ముల లెక్క

పాత కేజ్‌ను, కొత్తదాన్ని డెప్త్ గేజ్‌తో కొలవండి: క్రౌన్ పక్క బేరింగ్ ఆనే అంచు నుంచి క్రౌన్ కూర్చునే ముఖం వరకు ఎంత, రెండు బేరింగ్ అంచుల మధ్య మొత్తం ఎంత. కొత్తదానిలో మొదటి కొలత 0.20 మి.మీ. తక్కువ ఉందనుకోండి. క్రౌన్ పినియన్‌కు అంత దూరం జరిగినట్టే, కాబట్టి క్రౌన్ పక్క 0.20 ఎక్కువ వేయాలి. మొత్తం కొలత మారకపోతే రెండో పక్క అంతే తగ్గించాలి. ఈ లెక్కతో మొదలుపెడితే రెండు మూడు ప్రయత్నాల్లో పని తేలుతుంది.

డానా 44లో షిమ్ములు బేరింగ్ కింద ఉంటాయి కాబట్టి ప్రతిసారీ పీకి కొట్టాలి, ఆ పీకుడులో కొత్త బేరింగులు పాడవుతాయి. దీనికి మంచి ఉపాయం ఉంది. పాత బేరింగుల లోపలి రంధ్రాన్ని లేత్ మీద కొద్దిగా రుద్దించి, చేత్తో వేసి తీసేలా చేసుకోండి. సెట్టింగ్ అంతా వాటితో చేసి, చివర్లో కొత్తవి ప్రెస్ చేయండి. పాత కొత్త బేరింగుల మందం ఒకటేనో కాదో మాత్రం ముందు కొలవాలి.

ప్లే 0.13 నుంచి 0.23 మి.మీ. మధ్య రావాలి. గేజ్ ముల్లు పంటి బయటి చివర, పంటి ముఖానికి నిటారుగా ఆనాలి. ఏటవాలుగా పెడితే అంకె అబద్ధం చెబుతుంది. నాలుగు చోట్ల కొలిస్తే తేడా 0.05 దాటకూడదు. దాటితే షిమ్ములు మార్చడం కాదు, క్రౌన్ విప్పి కింద ఏముందో చూడాలి. ప్లే ఎక్కువుంటే రెండో పక్క నుంచి తీసి క్రౌన్ పక్క వేయండి, తక్కువుంటే ఎదురు. జరిపిన షిమ్ మందంలో సుమారు మూడింట రెండు వంతులు ప్లే మారుతుంది. 0.15 తగ్గాలంటే 0.22 జరపాలి.

ఇంతవరకు కేజ్ అటూ ఇటూ ఆడకుండా సరిగ్గా పట్టి ఉంటే చాలు. ఆ తర్వాత బేరింగులకు ప్రీలోడ్ (ముందుగానే ఇచ్చే నొక్కుడు) కోసం మొత్తం 0.38 మి.మీ. అదనంగా వేయాలి, ప్లే చెడకుండా రెండు పక్కలా పంచి. దీన్ని వదిలేస్తే లోడు పడ్డప్పుడు క్రౌన్ పక్కకు ఒరిగి పళ్ల చివర్లు మాత్రమే పనిచేస్తాయి. షెడ్లలో విరిగి వచ్చే క్రౌన్ పళ్లలో చాలావాటికి కారణం ఇదే. ప్రీలోడ్‌తో కేజ్ తోయడం కష్టమవుతుంది కాబట్టి స్ప్రెడర్ అసలు అవసరం ఇక్కడే. క్యాపులు చుక్కల ప్రకారం పెట్టి 95 నుంచి 122 న్యూటన్ మీటర్లకు బిగించి, ప్లే మళ్లీ కొలవండి.

బాంజో రకంలో ఈ బాధ చాలావరకు లేదు. గేర్ల భాగం మొత్తం బల్ల మీద పెట్టుకుని రెండు పక్కల మరల నట్లతో సర్దవచ్చు. ఒక పక్క ఎంత వదిలితే రెండో పక్క అంతే బిగించాలి, చివర్లో లాక్ ముక్కలు మరిచిపోకూడదు.

ముద్ర చదవడం

ఐదారు పళ్లకు రెండు ముఖాలా పేస్టు పలుచగా పూసి, క్రౌన్‌ను చెక్కతో కొద్దిగా అడ్డగిస్తూ పినియన్‌ను తిప్పండి. ముద్ర మీ ఫొటోతో పోలితే పని అయిపోయింది. లోపలి చివరకు జరిగితే ప్లే తక్కువైందని, బయటి చివరకు జరిగితే ఎక్కువైందని అర్థం. పంటి అడుగునో కొననో గీతలా పడితే మాత్రం అది పినియన్ లోతు సంగతి. పినియన్‌ను ముట్టుకోకుండా అలా వచ్చిందంటే కేజ్ తప్పుదైనా కావాలి, క్యాపులు మారైనా ఉండాలి.

నింపడం, పరీక్ష

మూత, సీళ్లు, షాఫ్టులు, బ్రేకులు బిగించి బ్రేకుల గాలి తీయండి. బ్రీదర్, అంటే యాక్సిల్ లోపలి గాలి బయటికి పోయే రంధ్రం, విప్పి ఊది చూడండి. ఎర్రమట్టి దుమ్ముతో అది పూడిపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి, నిన్న వేసిన కొత్త సీలు నుంచే ఆయిల్ కారుతుంది. మాడిఫయర్ ముందు పోసి, తర్వాత నింపే రంధ్రం అంచుదాకా ఆయిల్ పోయండి. కర్నూలు ఎండల్లో లోడుతో ఎన్‌హెచ్-44 మీద తిరిగే బండికి, యూనిట్ తయారీదారు ఒప్పుకుంటే 85డబ్ల్యూ-140 మంచిది. తేలికగా తిరిగేవాటికి 80డబ్ల్యూ-90 చాలు.

ఒక చక్రం నేల మీద, ఒకటి లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, లేచిన చక్రాన్ని టార్క్ రెంచ్‌తో తిప్పండి. ముందు చక్రాల దిమ్మలు గట్టిగా ఉన్నాయో లేదో మళ్లీ చూసుకున్నాకే. జీపుల్లో వచ్చే ట్రాక్-లాక్ యూనిట్‌కు 41 కన్నా తక్కువ, 271 కన్నా ఎక్కువ న్యూటన్ మీటర్లు వస్తే విప్పి చూడాలని నియమం. మీ యూనిట్‌కు దాని కాగితంలోని అంకె తీసుకోండి.

ప్రాణం మీదికి వచ్చే తప్పు ఒకటుంది. ఎల్‌ఎస్‌డీ బిగించాక ఒక్క చక్రం మాత్రమే లేపి ఇంజను గేరులో తిప్పకూడదు. పాత బండిలో గాలిలోని చక్రం ఒక్కటే తిరిగేది. ఇప్పుడు నేల మీది చక్రమూ తిరిగి బండి జాకీ మీద నుంచి దూకుతుంది. రెండు చక్రాలూ లేపాలి, లేదా తిప్పకూడదు.

ఖాళీ మైదానంలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో పది పదిహేను చుట్లు తిప్పండి, ప్లేట్ల మధ్యకు ఆయిల్ చేరుతుంది. 800 కిలోమీటర్లకు మొదటి ఆయిల్ మార్చాలి. అందులో ప్లేట్ల నల్లని పొడి ఉంటుంది, కంగారు పడొద్దు.

తర్వాత వచ్చే చప్పుళ్లు

నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు వెనుక గడగడమంటే మాడిఫయర్ చాలలేదు. 30 మిల్లీలీటర్లు కలిపి మళ్లీ ఎనిమిదులు తిప్పి చూడండి. ఒకేసారి ఎక్కువ పోస్తే ప్లేట్లు పట్టడం మానేస్తాయి, ఎల్‌ఎస్‌డీ ఉన్నా లేనట్టే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడో వదిలినప్పుడో ఊళ వస్తే ప్లే, ముద్ర మళ్లీ చూడాలి. అది తిరిగేకొద్దీ సర్దుకుంటుందని ఎవరన్నా నమ్మొద్దు, ఊళ వేస్తున్న క్రౌన్ రోజూ అరుగుతూనే ఉంటుంది. గేరు వేయగానే టక్ మంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (దాని కీళ్లు) చూడండి, డిఫరెన్షియల్ విప్పడం తర్వాత.

టైర్ల విషయం పికప్ ఓనర్లకు గట్టిగా చెప్పాలి. వెనుక ఒక పక్క కొత్త టైరు, ఇంకో పక్క అరిగిన రీట్రెడ్ వేసి తిప్పడం ఇక్కడ మామూలే. మామూలు డిఫరెన్షియల్ దాన్ని భరించింది. ఎల్‌ఎస్‌డీలో చుట్టుకొలత తేడా అంటే నేరుగా పోతున్న ప్రతి క్షణం ప్లేట్లు రుద్దుకుంటూ ఉండటం. తాడిపత్రి నుంచి హైదరాబాదు దాకా బండల లోడుతో అలా పోతే ఆయిల్ మాడి నల్లబడుతుంది. వెనుక రెండూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకేలా అరిగినవి ఉండాలి, గాలి సమానంగా ఉండాలి. స్టెప్నీ చిన్నదైతే దాన్ని ముందుకు వేసి ముందుదాన్ని వెనక్కు తెచ్చుకోండి. వంకలో యాక్సిల్ మునిగేంత నీళ్లు దాటితే మర్నాడే నింపే బోల్టు విప్పి ఆయిల్ రంగు చూసి, తెల్లబడితే మొత్తం మార్చేయండి.